ఫొటో పోటీల్లో జనం ఓటు: న్యాయమెంత, ఫోన్‌బుక్ ఎంత?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతు (పెలికాన్) నీళ్లమీద వాలుతుండగా ఫొటో తీసి, ఒక ఫేస్‌బుక్ పేజీవాళ్ల పోటీకి పంపారు. లైకులు ఎవరికి ఎక్కువొస్తే వాళ్లకే మొదటి బహుమతి అన్నారు. చివరికి గెలిచింది బర్త్‌డే కేకు ముందు కూర్చున్న పాప ఫొటో. ఇట్టాంటి ఓటింగ్ న్యాయమేనా, ఇకమీదట పంపాలా మానాలా, కావలిలో మీ కాలేజీవాళ్లు ఆగస్టు 19న ఫొటోగ్రఫీ దినోత్సవానికి పెట్టబోయే పోటీలో జనం ఓటు ఉంచాలా తీసేయాలా? ఈ మూడూ అడిగారు.

నేను నెల్లూరులో స్టూడియో నడుపుతాను. మా సంఘం పెట్టే పోటీల్లో ఓట్ల లెక్క చూసే పని ఏటా నాకే తగులుకుంటుంది. చుట్టుపక్కల కాలేజీలు, క్లబ్బులు పిలిస్తే జడ్జీగానూ పోతుంటాను. కాబట్టి రెండు వైపులా చూసి చెప్తున్న మాట ఇది.

సూటిగా జవాబు: ఓటేసేవాళ్లను పోటీదారే వెంటబెట్టుకొచ్చే పద్ధతిలో న్యాయం ఉండదు. అక్కడ తేలేది ఎవరి ఫోన్‌బుక్ పెద్దదన్న సంగతే. అయితే తప్పు జనానిది కాదు. అదే జనానికి అన్ని ఫొటోలూ పేర్లు లేకుండా చూపించి అడిగితే తీర్పు చాలావరకు నమ్మేట్టుగానే వస్తుంది. మీ కాలేజీలో ఓటు పెట్టండి, కానీ మొదటి బహుమతి దానికి కట్టెయ్యకండి.

ఇప్పుడు కారణాలు.

లైకుల పోటీ ఎట్టా నడుస్తుందో మీకు తెలియంది కాదు. లింకు ముందు ఇంటివాళ్ల గ్రూపులో పడుతుంది. తర్వాత టెన్త్ బ్యాచ్ గ్రూపు, ఆఫీసు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు. "మా తోడల్లుడి కూతురు, ఒక్క లైకు కొట్టండి ప్లీజ్" అని కింద ఒక నమస్కారం బొమ్మ. వచ్చినవాడు ఆ ఒక్క ఫొటో తెరుస్తాడు, నొక్కుతాడు, పోతాడు. పక్కన మీ గూడబాతు ఉందన్న సంగతే అతనికి తెలియదు. రెండు ఫొటోలు పక్కపక్కన చూడనివాడు వేసిన ఓటును ఎంపిక అనడం కుదరదు, అది మొహమాటం.

2007లో తాజ్‌మహల్‌కి ఓటెయ్యమని మన ఫోన్లకు ఎస్సెమ్మెస్‌లు వరసగా వచ్చిన రోజులు మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుంటాయి. కొత్త ఏడు వింతల ఓటింగ్ అది. ఒకే మనిషి ఎన్నిసార్లైనా ఫోన్ చేసి ఓటెయ్యొచ్చు. ఆ ఎంపికకూ తమకూ సంబంధం లేదని యునెస్కో అప్పుడే బహిరంగంగా చెప్పింది. తాజ్ గొప్పదనంలో ఎవరికీ అనుమానం లేదు గానీ, అక్కడ లెక్కకొచ్చింది ఏ దేశంలో ఎన్ని ఫోన్లు కదిలాయన్నదే. ఊళ్లో క్యూట్ బేబీ కాంటెస్ట్ అయినా, మీ గూడబాతు ఓడిన పోటీ అయినా ఇదే లెక్క, సైజు చిన్నది, అంతే.

దొంగ ఓట్ల గురించి అడుగుతారు కాబట్టి ఒక సంగతి చెప్తాను. ఒక సంస్థవాళ్లు గూగుల్ ఫామ్‌లో ఓటింగ్ పెట్టి, ఫలితం మీద గొడవొస్తే షీటు నాకు పంపారు. ఫామ్ ప్రతి ఓటుకీ టైము రాసి పెడుతుంది. మామూలు ఓట్లకు ఒక తీరు ఉంటుంది: పొద్దున టీ వేళ కొన్ని, మధ్యాహ్నం అన్నాలయ్యాక కొన్ని, రాత్రి తొమ్మిది తర్వాత ఎక్కువ. ఎవరో గ్రూపులో లింకు వేస్తే ఒక్కసారిగా గుంపుగా వచ్చి, అరగంటలో సన్నగిల్లుతాయి. ఈ షీటులో ఒక ఫొటోకి మాత్రం అర్ధరాత్రి దాటాక, రెండున్నర ప్రాంతంలో, ఓటుకీ ఓటుకీ మధ్య దాదాపు ఒకే ఎడం. ఎక్కడా ఆగింది లేదు, తగ్గింది లేదు. మెయిల్ ఐడీలు చూస్తే ఒకే పేరు, చివర అంకె మారుతూ పోయింది. మనుషులు అట్టా నొక్కరు. అవన్నీ కొట్టేస్తే రెండో స్థానంలో ఉన్న ఫొటో పైకొచ్చింది. అదీ కాలేజీ గ్రూపుల మీద వచ్చిందే, కానీ కనీసం అవి మనుషుల ఓట్లు.

దొంగ ఓట్లు ఆపడం ఒక పని, చుట్టరికం ఓట్లు ఆపడం ఇంకో పని. మొదటిదానికి సాంకేతికంగా ఏదో ఒకటి చెయ్యొచ్చు. రెండోదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. ఓటీపీ పెడితే ఒక నంబరుకి ఒక ఓటే పడుతుంది, సరే. ఆ నంబరు మీ మేనత్తదైతే ఆమె ఓటు ఎవరికో ముందే తెలుసు గదా. కొందరు 'ఒక ఐపీకి (నెట్ కనెక్షన్ చిరునామాకి) ఒకే ఓటు' అని పెడతారు. అది ఇంకా అన్యాయం. మొబైల్ నెట్‌వర్కుల్లో వందల మంది బయటికి ఒకే ఐపీతో కనిపిస్తారు, హాస్టల్ వైఫై సంగతి చెప్పక్కర్లేదు. నిజమైన ఓటరు ఆగిపోతాడు, ఆ చిరునామా మార్చి చూపించే వీపీఎన్ తెలిసినవాడు లోపలికొస్తాడు.

ఇంకో పెద్ద చిక్కు నడుస్తున్న లెక్క చూపించడం. ఓటింగ్ సాగుతుండగానే ఎవరికెన్నో కనిపిస్తే, ముందున్నది ఇంకా ముందుకే పోతుంది. దీని మీద మంచి ప్రయోగాలున్నాయి. 2006లో సాల్గనిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒకటి ప్రచురించారు. 14,000 మందికి పైగా జనానికి, అంతకుముందు వినని పాటలు ఇచ్చి నచ్చినవి దించుకోమన్నారు. కొందరికి ఇతరులు ఎన్నిసార్లు దించుకున్నారో చూపించారు, కొందరికి చూపించలేదు. లెక్క చూపించిన గుంపుల్లో హిట్లకూ ఫ్లాపులకూ మధ్య తేడా బాగా పెరిగింది. పైగా ఏది హిట్ అవుతుందన్నది ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి మారిపోయింది. మరీ బాగున్నవి అడుగున పడలేదు, మరీ నాసివి పైకి రాలేదు. మధ్యలో ఉన్నవన్నీ మొదట్లో ఎవరు నొక్కారన్నదాని మీదే ఆధారపడ్డాయి. 2013లో అదే పత్రికలో వచ్చిన ఇంకో పరిశోధనలో, ఒక వెబ్‌సైట్‌లో కామెంట్లకు పరిశోధకులే ముందుగా ఒక్క ప్లస్ ఓటు వేసి వదిలేస్తే, చివరికి వాటి సగటు స్కోరు 25 శాతం దాకా పెరిగింది. ఒక్క ఓటుకే అంత! మరి మీ పోటీలో మొదటి గంటలోనే యాభై మంది చుట్టాలను దింపినవాడి సంగతి మీరే ఊహించుకోండి. ముందు అప్‌లోడ్ అయిన ఫొటోకి ఎక్కువ రోజులు దొరుకుతాయి, లైకులున్నదాన్నే ఫేస్‌బుక్ ఇంకా నలుగురికి చూపిస్తుంది. ఇవి దీనికి తోడు.

ఓట్లు చీలడం గురించి మన పోటీల్లో ఎవరూ మాట్లాడరు. ఎన్నికల్లో మాత్రం టీ కొట్టు దగ్గర అందరూ దీని మీద పండితులే. వంద మంది ఓటర్లు అనుకోండి. అరవై మందికి పక్షుల ఫొటోలంటే ఇష్టం. కానీ పోటీలో మంచి పక్షి ఫొటోలు నాలుగున్నాయి, తలా పదిహేను పడ్డాయి. పాప ఫొటో ఒక్కటే, దానికి ఇరవై ఐదు. పాప గెలిచింది. మన ప్రాంతంలో ఇది తప్పదు. చలికాలం వచ్చిందంటే పులికాట్, నేలపట్టు నుంచి కుప్పలుగా ఫ్లెమింగోల, గూడబాతుల, ఎర్రకాళ్ల కొంగల ఫొటోలు వస్తాయి. (నేలపట్టు 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది, అయినా నెల్లూరోళ్ల నోటికి ఇంకా మనదే.) ఒక్కొక్కరికి ఒకే ఓటు ఇస్తే ఎక్కువమంది తీసే విషయం ఎప్పుడూ నష్టపోతుంది. మూడు ఓట్లు ఇస్తే ఈ బాధ చాలావరకు పోతుంది.

ఇంతవరకు చదివి, జనానికి ఫొటో ఏం తెలుసు, జడ్జీలకే వదిలేద్దాం అని మీరు అనుకుంటుంటే ఆగండి. నా అనుభవం అంత తేలిగ్గా లేదు.

ఒంగోలు వైపు ఒక ఊళ్లో బండలాగుడు పోటీలప్పుడు గిత్తల ఫొటోలు గుడ్డ పందిట్లో కట్టి, వచ్చిన రైతులను ఓటెయ్యమన్నారు. పేర్లు లేవు, నంబర్లే. నాకు, నాతో వచ్చిన ఇంకో జడ్జీకి బాగా నచ్చింది ఒకటుంది: దుమ్ము లేచి, పలుపు బిగిసి, తోలేవాడి నోరు అరుపులో తెరుచుకుని, గిత్త మొహం సగం ఫ్రేము బయట. జనం ఓట్లు మాత్రం ఇంకోదానికి పడ్డాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో, పక్కనుంచి, నిండుగా నిలబడ్డ గిత్త. వెలుతురు చచ్చుగా ఉంది, ఫోకస్ కూడా మెడ మీద పడింది. ఒక పెద్దాయన నాకు వేలు పెట్టి చూపించాడు: "మూపురం చూడు, గంగడోలు చూడు, కాళ్ల నిలకడ చూడు. నువ్వు చెప్పేదాంట్లో గిత్త సగమే పడింది గదయ్యా." ఆయన ఓటేసింది గిత్తకి. మేం ఓటేసింది ఫొటోకి. ఆయన అన్యాయం చేశాడనలేం, మేం అడిగిన ప్రశ్నే అట్టా ఉంది: 'మీకు నచ్చినది ఏది?' అప్పటినుంచి నా చేతిలో ఉన్న చోట చీటీ మీద ప్రశ్న మార్పించాను: 'రేపు పొద్దున కూడా గుర్తుండే ఫొటో ఏది?' దీంతో అందమైన వస్తువుకి పడే ఓట్లు కొంత తగ్గుతాయి. పూర్తిగా తగ్గవు.

ఇంకో వైపు కూడా చూడండి. కొత్తపట్నం బీచి దగ్గర ఒక ప్రదర్శనలో, సూర్యోదయానికి ఎదురుగా గొడుగులా విచ్చుకున్న విసురు వల ఫొటో ఉంది. సాలోన్లలో, అంటే జ్యూరీ పెట్టి నడిపే ఫొటో పోటీల్లో, మెడల్స్ కొట్టే రకం, జ్యూరీ ముందు పెడితే చేతులు వాటంతటవే బటన్ మీదికి పోతాయి. వేటకు పోయే ఒకాయన దాని ముందు నిలబడి నవ్వాడు. "మోకాలి లోతు కూడా లేదు, ఈ నీళ్లలో ఏం పడతాయని విసిరాడు? ఎవరో డబ్బులిచ్చుంటారు." నిజమే, అది డబ్బులిచ్చి విసిరించిన వలే. ఆ ఊరివాళ్లు ఓట్లు వేసింది ఒడ్డున తెగిన వల కుడుతున్న ఒక ముసలామె చేతుల ఫొటోకి. నలుపు తెలుపు, వేళ్ల మధ్య దారం, గోళ్లలో ఇసుక. జ్యూరీ దాన్ని మూడో స్థానంలో పెట్టింది. నన్నడిగితే ఆ రోజు ఊరివాళ్లదే సరైన తీర్పు. విషయం తెలిసిన జనానికి, ఫొటో మాత్రమే తెలిసిన జడ్జీకి కనపడనివి కనపడతాయి.

నిపుణులు మోసపోయిన సందర్భాలు పెద్ద పోటీల్లోనూ ఉన్నాయి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్‌లో 2009 విజేత, గేటు దూకుతున్న తోడేలు ఫొటో. అది పెంపుడు తోడేలని నమ్మడానికి కారణాలు కనిపించి, 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. మన ఫ్లెమింగోల చుట్టం కథ ఇంకా తమాషా. 2024లో '1839 అవార్డ్స్' అనే పోటీలో, ఏఐ బొమ్మల విభాగంలో మైల్స్ ఆస్ట్రే అనే ఆయన తల లేనట్టు కనపడే ఒక ఫ్లెమింగో ఫొటో పెట్టాడు. అది అరూబాలో తీసిన నిజమైన ఫొటో. పక్షి తల వంచి పొట్ట గోక్కుంటోంది, అంతే. జ్యూరీ మూడో బహుమతి ఇచ్చింది, జనం ఓటు బహుమతి కూడా దానికే వచ్చింది. ఆయన నిజం చెప్పాక రెండూ రద్దు. పులికాట్ ఒడ్డున కాసేపు కూర్చున్నవాడెవడైనా ఆ భంగిమ గుర్తుపట్టి ఉండేవాడని నా అనుమానం. ఏదేమైనా నిజమా కాదా తేల్చే పని ఓటుతోనూ కాదు, మార్కులతోనూ కాదు. ఒరిజినల్ ఫైలు అడిగి చూడాల్సిందే.

నిబంధనల సంగతీ అంతే. శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ చుట్టుపక్కల డ్రోన్ ఎగరేయడం నిషేధం. అట్టాంటి చోట తీసిన ఫొటోకి జనం ఓట్లు కుమ్మరిస్తారు, ఎందుకంటే వాళ్లకు ఆ సంగతి చూసే పని లేదు. గూటి దగ్గరికి పోయి పిల్లలను బెదరగొట్టి తీసిన ఫొటో కూడా లైకుల్లో ముద్దుగానే ఉంటుంది. అందుకే ఓటింగ్‌కి ముందు జల్లెడ పట్టేవాళ్లు ఒకరుండాలి.

ఇక మీ కాలేజీ పోటీ. నేనైతే ఇట్టా పెడతాను.

జ్యూరీ ముందు, జనం తర్వాత. ముగ్గురు జడ్జీలు పేర్లు లేకుండా చూసి ఓ ఇరవై పాతిక ఫొటోలు ఎంచాలి. ముగ్గురిలో ఒకరైనా ఊరి బయటివాళ్లు కావాలి. మీ లెక్చరర్లే ముగ్గురూ అయితే అదీ ఇంకో రకం చుట్టరికం. ఆ పాతికలోంచి జ్యూరీ బహుమతులు జ్యూరీ ఇస్తుంది. జనం ఓటు కూడా ఆ పాతికలోనే, దానికి విడిగా ఒకే బహుమతి. ఇందాక చెప్పిన లండన్ పోటీలో పీపుల్స్ చాయిస్ నడిచేది ఇట్టాగే: వాళ్లు ఎంచిన పాతిక దాకా ఫొటోల్లోంచి జనం ఒకటి ఎన్నుకుంటారు. అప్పుడు చుట్టాలు ఓటేసి గెలిపించినా, గెలిచిన ఫొటో కనీసం బాగున్నదే అవుతుంది.

సగం సగం కలపొద్దు. 'జ్యూరీ 50, ప్రజలు 50' అంటే వినడానికి సమంగా ఉంటుంది, లెక్కలో ఉండదు. జడ్జీల మార్కులు ఎప్పుడూ దగ్గరదగ్గరగా ఉంటాయి: ఒకరికి 81, ఇంకొకరికి 72 అనుకోండి, సగానికి తెస్తే తేడా నాలుగున్నర. ఓట్లలో 72 వచ్చినవాడికి 900, 81 వచ్చినవాడికి 40. దాన్ని యాభై మార్కులకు తెస్తే ఒకరికి 50, ఒకరికి రెండు పైచిలుకు. జ్యూరీ ఇచ్చిన నాలుగున్నర ఎక్కడ కొట్టుకుపోయిందో వెతుక్కోవాలి. కలపక తప్పదని ప్రిన్సిపాల్‌గారు పట్టుబడితే ఓట్ల సంఖ్య వాడకండి, స్థానాలు వాడండి. మొదటి స్థానానికి పది, రెండోదానికి తొమ్మిది, అట్టా.

వీలైతే ఓటు హాల్లోనే. పన్నెండు బై పద్దెనిమిది ప్రింట్లు తాడుకి క్లిప్పులతో కట్టండి, కింద నంబరు మాత్రమే. చీటీ లోపలికొచ్చేటప్పుడు ఇవ్వకండి, అన్నీ చూసి బయటికి పోయే గుమ్మం దగ్గర ఇవ్వండి. ముందే ఇస్తే మొదటి వరసలోనే రాసేసి పెట్టెలో పడేస్తారు. మూడు నంబర్లు రాయమనండి. చుట్టాలు ఇక్కడికీ వస్తారు, రానివ్వండి. వాళ్లకు ఒక ఓటు ఎవరికివ్వాలో తెలుసు, మిగతా రెండూ నిజాయితీగా వేస్తారు. తమాషా ఏమంటే ఫలితం తేల్చేవి చాలాసార్లు ఆ మిగతా రెండే.

ఆన్‌లైన్ తప్పనిసరైతే: కాలేజీ మెయిల్‌తోనే లాగిన్, ఒక్కరికి ఒకసారే, ఆప్షన్ల వరస ప్రతిసారీ మారేట్టు సెట్టింగు, లెక్క చివరిదాకా ఎవరికీ కనపడకూడదు. రెండు మూడు రోజులు చాలు, ఎంత పొడిగిస్తే అంత ప్రచారం పెరుగుతుంది. 'షేర్ చేసి ముగ్గురిని ట్యాగ్ చెయ్యండి' అని మాత్రం పెట్టకండి. పేజీ పోస్టుకి లైకులను ఓట్లుగా లెక్కపెట్టుకోవడానికి ఫేస్‌బుక్ ఒప్పుకుంటుంది గానీ, పోటీలో పాల్గొనడానికి సొంత టైమ్‌లైన్‌లో షేర్ చెయ్యమనడం, స్నేహితులను ట్యాగ్ చెయ్యమనడం దాని నిబంధనలకు విరుద్ధం. మన దగ్గర సగం పేజీలు ఇదే చేస్తున్నాయనుకోండి, అది వేరే సంగతి.

ఫైనల్‌కి వచ్చినవాళ్లను ఒరిజినల్ ఫైలు అడగండి. ఫోనుతో తీసినా సరే. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది, ఎప్పుడు ఏ కెమెరాతో తీశారన్న వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి.

ఇక మీరు పంపాలా మానాలా. లైకుల పోటీకి సరదాగా పంపుకోవచ్చు, ఫలితాన్ని మీ పనితనానికి మార్కులుగా తీసుకోకపోతే చాలు. పంపేముందు రెండు చూడండి. ఎంట్రీ ఫీజు ఉండి గెలుపు లైకుల మీదే ఉంటే ఆ డబ్బుతో పెట్రోలు కొట్టించుకుని పులికాట్ వెళ్లిరండి. నిబంధనల్లో 'పంపిన ఫొటోలన్నిటి హక్కులు నిర్వాహకులవే' అని ఉంటే అసలు పంపొద్దు. ఇట్టాంటి పోటీల్లో చాలావాటికి కావలసింది ఫొటో కాదు, పేజీకి ఫాలోవర్లు.

నిర్వాహకులకు ఫిర్యాదు చెయ్యాలనుకుంటే లైకులు ఏ తేదీకి ఎన్ని ఉన్నాయో, ఓటింగ్ ముగింపు టైము ఏదో అడుగుతూ మర్యాదగా ఒక మెసేజ్ చాలు. పాప వాళ్ల నాన్నను మాత్రం కామెంట్లలో ఏమీ అనకండి. నిర్వాహకులు లైకులు తెమ్మన్నారు, ఆయన తెచ్చాడు.

మీ గూడబాతు ఫొటోని ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ గుర్తింపు ఉన్న ఏదైనా సాలోన్‌లో నేచర్ విభాగానికి పంపి చూడండి. ఫీజు ఉంటుంది, కానీ ఫొటోకి ఎంత స్కోరు వచ్చిందో, తీసుకున్నారో లేదో మీకు రిపోర్టుగా వస్తుంది. మీరు పెట్టిన లింకులో చూశాను, కుడివైపు మూల నీళ్లలో ఒక ప్లాస్టిక్ సీసా తేలుతోంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో చెరిపారంటే నేచర్ విభాగంలో కొట్టేస్తారు. అక్కడ ఫొటోలో ఏదీ కలపకూడదు, తీసేయకూడదు. క్రాప్‌కి మాత్రం ఒప్పుకుంటారు. రెక్క కొస తెగకుండా ఆ మూల కొయ్యొచ్చు, చోటుంది.